యూనిట్ – 7: పొగమంచులో రహదారి – సంక్రాంతి ప్రయాణానికి సన్నద్ధత

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 పొగమంచు ఎలా ఏర్పడుతుంది?
7.3 దారిలో ఎక్కడ ఎక్కువ?
7.4 ఆగే దూరం, చూపు దూరం
7.5 కాంతి, కన్ను, వేగం
7.6 బయలుదేరే వేళ
7.7 వాహనాన్ని సిద్ధం చేయడం
7.8 దారిలో పాటించవలసినవి
7.9 మంచు గడ్డకట్టే దేశాల్లో
7.10 సారాంశం
7.11 కీలక పదాలు
7.12 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
7.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• పొగమంచు ఏర్పడే పరిస్థితులను వివరించగలుగుతారు;
• వాహనం ఆగే దూరాన్ని లెక్కకట్టి, కనిపించే దూరంతో పోల్చగలుగుతారు;
• పొగమంచులో ఏ దీపాలు పనికివస్తాయో, ఏవి హాని చేస్తాయో కారణాలతో చెప్పగలుగుతారు;
• సుదూర ప్రయాణానికి బయలుదేరే సమయాన్ని, వేగాన్ని శాస్త్రీయంగా నిర్ణయించుకోగలుగుతారు.

7.1 పరిచయం

గత యూనిట్లలో ఉష్ణం, గాలిలోని తేమ, ఘర్షణ, కాంతి పరిక్షేపణం అనే అంశాలను విడివిడిగా చదివారు. ఈ నాలుగూ ఒకేచోట, ఒకే వేళ, మన ప్రాణాలతో ముడిపడి ఎదురయ్యే సందర్భం ఒకటి ఉంది. అది జనవరి నెల తెల్లవారుజామున జాతీయ రహదారి మీద చేసే ప్రయాణం.

సంక్రాంతి దగ్గరపడితే హైదరాబాదు నుంచి కోస్తా జిల్లాలకు వెళ్లే కార్లన్నీ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాయి. పుణె నుంచి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నం చేరే దారి ఇది. పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని 9వ నంబరు రోడ్డనే అంటారు. హైదరాబాదు, విజయవాడల మధ్య సుమారు 270 కిలోమీటర్లు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ ప్లాజాల దగ్గర ఆ రోజుల్లో బారులు తీరే వాహనాల సంగతి మీకు తెలిసిందే. ఆ రద్దీని తప్పించుకోవడానికి చాలామంది ఎంచుకునే ఉపాయం రాత్రి రెండు మూడు గంటలకే బయలుదేరడం. 'రోడ్డు ఖాళీగా ఉంటుంది, టిఫిన్ వేళకి ఊళ్లో ఉంటాం' అనుకుంటారు.

ఈ లెక్కలో రద్దీ ఉంది గాని పొగమంచు లేదు. పొగమంచును కూడా కలిపి లెక్క వేస్తే ఏం తేలుతుందో చూడడమే ఈ యూనిట్ ఉద్దేశం. చెప్పదలచుకున్న సూత్రం ఒక్కటే: మీకు ఎంత దూరం కనిపిస్తోందో అంత దూరం లోపల ఆగగలిగేటంత వేగంతోనే వెళ్లాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ సూత్రం నుంచే వస్తాయి.

7.2 పొగమంచు ఎలా ఏర్పడుతుంది?

తెలుగులో 'మంచు' అనే మాటను చాలా అర్థాల్లో వాడతాం. గడ్డిమీద నీటిచుక్కలూ మంచే, హిమాలయాల మీద తెల్లగా పేరుకున్నదీ మంచే. ఈ యూనిట్‌లో మనకు కావలసింది పొగమంచు. నేలను ఆనుకొని గాలిలో తేలుతూ ఉండే అతి చిన్న నీటిబిందువుల సముదాయమే పొగమంచు. ఒక విధంగా ఇది నేలమీదికి దిగిన మేఘం.

పగలంతా వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని వికిరణం రూపంలో ఆకాశంలోకి వదులుతుంది. మబ్బు ఉంటే అది దుప్పటిలా అడ్డుపడుతుంది. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని తాకి ఉన్న గాలి పొర కూడా చల్లబడుతుంది. చల్లటి గాలి వేడి గాలి కంటే తక్కువ నీటిఆవిరిని ఇముడ్చుకుంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల నీటిఆవిరి ఇమిడితే, 15 డిగ్రీల దగ్గర సుమారు 13 గ్రాములే ఇముడుతుంది. సాయంత్రం గాలిలో 13 గ్రాముల ఆవిరి ఉందనుకోండి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు దిగేసరికి ఆ గాలి సంతృప్తమవుతుంది. ఈ ఉష్ణోగ్రతనే తుషార స్థానం అంటాం. ఇంకా చల్లబడితే అదనపు ఆవిరి ధూళి, పొగ కణాల చుట్టూ నీటిబిందువులుగా మారుతుంది. పొగమంచు మొదలైనట్లే.

ఇందులో గాలి కదలిక పాత్ర గమనించదగ్గది. గాలి పూర్తిగా నిశ్చలంగా ఉంటే తేమ నేలమీద, ఆకులమీద చుక్కలుగా చేరి ఊరుకుంటుంది. కొద్దిపాటి కదలిక ఉంటే చల్లదనం పైపొరలకు పాకి పొగమంచు మందంగా తయారవుతుంది. గాలి గట్టిగా వీస్తే చెదిరిపోతుంది.

రాత్రి గడిచేకొద్దీ ఉష్ణోగ్రత తగ్గుతూ పోయి, సూర్యోదయం ప్రాంతంలో అత్యల్ప స్థాయికి చేరుతుంది. జనవరి మధ్యలో మన దగ్గర సూర్యోదయం సుమారు 6.40కి, 6.50కి మధ్య అవుతుంది. అందువల్ల పొగమంచు తరచు 5 నుంచి 8 గంటల మధ్య బాగా చిక్కగా ఉంటుంది. 'పొద్దు పొడిచింది కదా, ఇంక తగ్గిపోతుంది' అనుకోవడం సరికాదు. నేల వేడెక్కి బిందువులు ఆవిరి కావడానికి సాధారణంగా మరో గంటా రెండు గంటలు పడుతుంది.

ప్రయాణానికి ముందు రోజు సాయంత్రం మీరే ఈ నాలుగు గుర్తులు చూసుకోవచ్చు: ఆకాశం మబ్బు లేకుండా ఉందా? గాలి పడిపోయిందా? ఒకటి రెండు రోజుల కిందట వాన పడి నేల తడిగా ఉందా? రాత్రి తొమ్మిది, పదికల్లా బయట పెట్టిన బండి సీటుమీద తడి చేరిందా? ఈ నాలుగూ 'అవును' అయితే తెల్లవారుజామున పొగమంచుకు అవకాశం బలంగా ఉందని అర్థం. వీటితోపాటు భారత వాతావరణ శాఖ హెచ్చరికలు కూడా చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. మబ్బు పట్టిన రాత్రి కంటే నిర్మలమైన రాత్రి పొగమంచుకు ఎందుకు అనుకూలం?
2. తుషార స్థానం అంటే ఏమిటి?

7.3 దారిలో ఎక్కడ ఎక్కువ?

పొగమంచు దారి పొడవునా ఒకేలా ఉండదు. చల్లటి గాలి బరువైనది కాబట్టి పల్లానికి జారుతుంది. నీళ్లున్న చోట తేమ ఎక్కువ. కాబట్టి నదులు, వాగులు, కాలువలు, చెరువులు, నీరు పెట్టిన వరిమడులు ఉన్నచోట పొగమంచును ముందుగానే ఊహించవచ్చు.

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే దారి దక్కన్ పీఠభూమి మీద నుంచి కృష్ణా తీరానికి దిగుతుంది. సూర్యాపేట చేరేముందు మూసీ నది, మునగాల, కోదాడ ప్రాంతంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, రాష్ట్ర సరిహద్దులో పాలేరు, నందిగామ, కంచికచర్ల వైపు మున్నేరు, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణానది వరసగా వస్తాయి. విజయవాడ దాటి 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏలూరు వైపు వెళ్తే చేపల చెరువులు, ఆ తరవాత గోదావరి డెల్టా కాలువలు, దాళ్వా వరిమడులు ఉంటాయి. ఇలా చూస్తే, దారిలో సగానికి పైగా పొగమంచుకు అనుకూలమైన నేలే.

ప్రమాదమంతా అది ముక్కలు ముక్కలుగా ఉండడంలో ఉంది. నాలుగు కిలోమీటర్లు ఆకాశంలో చుక్కలు కనిపిస్తాయి, వంతెన దగ్గరికి రాగానే తెల్లటి గోడ ఎదురవుతుంది. 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. డ్రైవరు తేరుకునే లోపలే కారు ఆ గోడలోకి వెళ్లిపోతుంది. ఎదుటి వాహనాల దీపాల చుట్టూ వలయాలు కనిపించడం, దూరపు దీపాలు ఉన్నట్లుండి మసకబారడం ముందస్తు సూచనలు. వాటిని చూసినప్పుడే వేగం తగ్గించాలి.

భోగి రోజు తెల్లవారుజామున మరొక అంశం తోడవుతుంది. ఊరూరా భోగి మంటల పొగ, ముఖ్యంగా పాత టైర్లు వేసినచోట నల్లటి పొగ, చల్లటి గాలి పొర కిందనే చిక్కుకుపోతుంది. పొగ కణాల చుట్టూ నీటిబిందువులు తేలిగ్గా ఏర్పడతాయి. రహదారికి ఆనుకొని ఉన్న ఊళ్ల దగ్గర ఆ వేళ చూపు ఇంకా తగ్గుతుంది.

లంబసింగి వంటి చోట్లకు జనం పొగమంచు చూడడానికే వెళ్తారు. అక్కడ తప్పించుకునే ప్రసక్తే లేదు. కాబట్టి ముందు రోజు వెలుతురు ఉండగానే ఘాట్ రోడ్డు ఎక్కి, రాత్రి పైనే బస చేసి, ఉదయం నడిచి చూడడం మేలు.

7.4 ఆగే దూరం, చూపు దూరం

చూపు దూరం 1000 మీటర్ల కంటే తగ్గితే వాతావరణ శాస్త్రం దాన్ని పొగమంచుగా లెక్కిస్తుంది. భారత వాతావరణ శాఖ వర్గీకరణలో 200 మీటర్ల కంటే తక్కువైతే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల కంటే తక్కువైతే అతి దట్టమైన పొగమంచు.

ఇక ఆగే దూరం. ఇందులో రెండు భాగాలుంటాయి. అడ్డంకి కంటపడినప్పటి నుంచి బ్రేకు మీద కాలు పడేవరకు వాహనం అదే వేగంతో పోతుంది. ఇది ప్రతిస్పందన దూరం. బ్రేకు పడ్డాక పూర్తిగా ఆగేవరకు పోయేది బ్రేకింగ్ దూరం. మొదటిది వేగానికి అనులోమంగా పెరుగుతుంది. రెండోది వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఎందుకంటే బ్రేకు హరించవలసిన గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపయితే బ్రేకింగ్ దూరం నాలుగు రెట్లవుతుంది.

ఒక ఉదాహరణ చేద్దాం. ప్రతిస్పందన కాలం 1.5 సెకన్లు, మంచుకు తడిసిన రోడ్డు మీద రుణత్వరణం సెకనుకు సెకనుకు 4 మీటర్లు అనుకుందాం. వేగం గంటకు 60 కిలోమీటర్లు, అంటే సెకనుకు 16.7 మీటర్లు.

ప్రతిస్పందన దూరం = 16.7 × 1.5 = 25 మీటర్లు
బ్రేకింగ్ దూరం = (16.7 × 16.7) ÷ (2 × 4) = 35 మీటర్లు
ఆగే దూరం = 25 + 35 = 60 మీటర్లు

ఇదే పద్ధతిలో మిగిలిన వేగాలకు:

పట్టిక 7.1: తడి రోడ్డు మీద ఆగే దూరం
గంటకు 20 కి.మీ. : 8 + 4 = 12 మీటర్లు
గంటకు 40 కి.మీ. : 17 + 15 = 32 మీటర్లు
గంటకు 60 కి.మీ. : 25 + 35 = 60 మీటర్లు
గంటకు 80 కి.మీ. : 33 + 62 = 95 మీటర్లు
గంటకు 100 కి.మీ. : 42 + 96 = 138 మీటర్లు

ఇప్పుడు చూపు దూరం 50 మీటర్లు ఉందనుకోండి. ముందు ఎర్రదీపాలు లేని చెరకు ట్రాక్టరు ఆగి ఉంది. 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ట్రాక్టరుకు 18 మీటర్ల ముందే ఆగుతుంది. 60తో వచ్చే కారు ఆగలేదు, ఢీకొనే క్షణంలో దాని వేగం ఇంకా 32 కిలోమీటర్లు ఉంటుంది. 80తో వచ్చే కారు సంగతి చూడండి. 50 మీటర్లలో 33 మీటర్లు ప్రతిస్పందనకే పోయాయి. మిగిలిన 17 మీటర్లలో బ్రేకు తగ్గించగలిగింది స్వల్పం. ఆ కారు గంటకు సుమారు 68 కిలోమీటర్ల వేగంతో ట్రాక్టరును ఢీకొంటుంది. 60కీ 80కీ తేడా 20 కిలోమీటర్లే. ఢీకొనే వేగంలో తేడా మాత్రం 36 కిలోమీటర్లు. డ్రైవరు ఎంత నేర్పరి అయినా, కారు ఎంత ఖరీదైనదైనా ఈ లెక్క పెద్దగా మారదు.

అయితే కారులో కూర్చొని చూపు దూరాన్ని కొలవడం ఎలా? పట్టికను మరొక విధంగా చూస్తే ఒక తేలిక పద్ధతి దొరుకుతుంది. ఆగే దూరాన్ని వేగంతో భాగిస్తే 40 దగ్గర సుమారు 3 సెకన్లు, 60 దగ్గర 3.6 సెకన్లు, 80 దగ్గర 4.3 సెకన్లు, 100 దగ్గర 5 సెకన్లు వస్తుంది. కాబట్టి ఏ వేగానికైనా 5 సెకన్లు సరిపోయే కొలత. రోడ్డు పక్క ఒక స్తంభమో చెట్టో మొదటిసారి కనిపించగానే పక్కన కూర్చున్నవారు 'వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు...' అని నింపాదిగా లెక్క మొదలుపెట్టాలి. 'వెయ్యిన్ని ఐదు' పూర్తయ్యేలోపే అది కారును దాటిపోతే వేగం ఎక్కువగా ఉందని అర్థం, తగ్గించాలి. దీన్ని 'ఐదు లెక్క' అని గుర్తుపెట్టుకోండి.

డివైడరు లేని రోడ్డు మీద ఇంకొక జాగ్రత్త అవసరం. జాతీయ రహదారి దిగి మీ ఊరి దారి పట్టాక ఎదురుగా వచ్చే వాహనం కూడా ఆగడానికి చోటు కావాలి. అక్కడ మీ వాటా కనిపించే దూరంలో సగమే. 50 మీటర్లు కనిపిస్తే 25 మీటర్లలో ఆగగలగాలి. అంటే 30 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. తడి రోడ్డు మీద 30 మీటర్లే కనిపిస్తున్నప్పుడు 40 కిలోమీటర్ల వేగం సురక్షితమేనా?
4. వేగం 30 నుంచి 90 కిలోమీటర్లకు పెరిగితే బ్రేకింగ్ దూరం ఎన్ని రెట్లవుతుంది?

7.5 కాంతి, కన్ను, వేగం

సరిగ్గా కనిపించనప్పుడు దీపం పెంచడం మనకు సహజం. పొగమంచులో అది తిరగబడుతుంది. హై బీమ్ కాంతి పైకి, దూరానికి పోతుంది. దారిలో కోట్ల సంఖ్యలో ఉన్న నీటిబిందువులు ఆ కాంతిని అన్ని దిక్కులకూ పరిక్షేపణం చేస్తాయి. అందులో కొంత భాగం వెనుదిరిగి మన కళ్లలోనే పడుతుంది. ఎదుట తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. అందువల్ల లో బీమ్ మాత్రమే వాడాలి. ఫాగ్ లాంపులను బంపరు కిందిభాగంలో అమర్చడానికి కారణం కూడా ఇదే. వాటి కాంతి నేలకు దగ్గరగా, వెడల్పుగా పరచుకొని రోడ్డు అంచును చూపిస్తుంది.

పసుపు దీపం పొగమంచును చీల్చుకుపోతుందనే నమ్మకం ప్రచారంలో ఉంది. ఆకాశం నీలంగా కనిపించడానికి కారణమైన పరిక్షేపణంలో రంగుల మధ్య భేదం ఉంటుందని మీరు చదివారు. అది కాంతి తరంగదైర్ఘ్యం కంటే చాలా చిన్నవైన వాయు అణువుల వల్ల జరిగేది. పొగమంచు బిందువులు కొన్ని మైక్రోమీటర్ల నుంచి కొన్ని పదుల మైక్రోమీటర్ల వరకు ఉంటాయి. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లే. ఇంత పెద్ద బిందువులు అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. పొగమంచు తెల్లగా కనిపించడమే దీనికి నిదర్శనం. దీపం రంగు కంటే దాన్ని ఎంత కిందికి, ఏ కోణంలో అమర్చారన్నది ముఖ్యం.

మీరు చూడడం ఎంత ముఖ్యమో, వెనక వచ్చేవారికి మీరు కనబడడమూ అంతే ముఖ్యం. చాలా కార్లలో పగటిపూట వాటంతటవే వెలిగే దీపాలు ముందువైపే ఉంటాయి, వెనక ఎర్రదీపాలు వెలగవు. కాబట్టి హెడ్‌లైట్ స్విచ్ వేయాల్సిందే. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించి నడపడం మన రోడ్ల మీద అలవాటయింది. అలా చేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవారికి తెలియదు, మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో కూడా తెలియదు. అవి ఆగిపోయిన వాహనానికి గుర్తు.

ఇక కన్ను వేగాన్ని ఎలా అంచనా వేస్తుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. 1998లో 'నేచర్' పత్రికలో స్నోడెన్, స్టిమ్సన్, రడిల్ ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, దృశ్యం మసకబారితే మనకు వేగం తక్కువగా అనిపిస్తుంది. ఫలితంగా తెలియకుండానే వేగం పెంచుతాం. 2012లో ప్రెట్టో, ఆయన సహచరులు దీన్ని మళ్లీ పరిశీలించారు. నిజమైన పొగమంచులో దగ్గరి వస్తువుల కంటే దూరపు వస్తువులు ఎక్కువ మసకబారుతాయి, అలాంటి దృశ్యంలో వేగం ఎక్కువగానే అనిపిస్తుందని వారు చూపించారు. శాస్త్రంలో ఒక ఫలితాన్ని మరొకటి సవరించడం ఇలాగే జరుగుతుంది. మనం తీసుకోవలసిన పాఠం రెండింటిలోనూ ఒకటే: పొగమంచులో వేగం గురించి మన కన్ను చెప్పేది నమ్మదగింది కాదు. స్పీడోమీటరు చూసుకోవాలి, ఐదు లెక్క వేసుకోవాలి.

7.6 బయలుదేరే వేళ

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. రాత్రి 3 గంటలకు ఎల్బీనగర్ దాటి, సగటున 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే సుమారు 5.10కి సూర్యాపేట, 6 గంటల ప్రాంతంలో కోదాడ, 6.40కి నందిగామ చేరతారు. పైన 7.3లో చెప్పిన తేమ నేలనంతా, 7.2లో చెప్పిన చిక్కటి వేళలోనే దాటుతున్నారన్నమాట. అంతేకాదు, మన శరీరంలోని సహజ గడియారం ప్రకారం నిద్రమత్తు బాగా కమ్మేది రాత్రి 2 నుంచి 6 మధ్య. నిద్రమత్తులో ప్రతిస్పందన కాలం 1.5 సెకన్లను మించిపోతుంది, పట్టిక 7.1లోని దూరాలన్నీ పెరుగుతాయి. చూపు తగ్గడం, ఆగే దూరం పెరగడం రెండూ ఒకే గంటలో కలుస్తాయి.

పోనీ సమయమైనా కలిసివస్తుందా? మామూలుగా అయితే 3 గంటలకు బయలుదేరినవారు 7.30కి విజయవాడ చేరాలి. దారిలో 80 కిలోమీటర్లు పొగమంచు ఉండి, అక్కడ 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఆ భాగానికి 1 గంట 20 నిమిషాలకు బదులు 2 గంటల 40 నిమిషాలు పడుతుంది. చేరేది 8.50కి. అదే 6 గంటలకు బయలుదేరినవారు సూర్యాపేట దాటేసరికి 8 దాటుతుంది, పొగమంచు విడిపోతూ ఉంటుంది. వారు 10.30కి చేరతారు. మూడు గంటల నిద్ర వదులుకున్నందుకు దక్కేది 1 గంట 40 నిమిషాలు. అదీ మొత్తం దారి మెలకువగా, జాగ్రత్తగా నడిపితేనే.

ఆలస్యంగా బయలుదేరితే టోల్ దగ్గర రద్దీ ఉంటుందన్న మాట నిజమే. అందుకు పరిష్కారం గంటను కాక రోజును మార్చుకోవడం. వీలైతే పండగకు మరో రోజు ముందు బయలుదేరండి. సెలవు దొరకకపోతే ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరినా పొద్దుగూకే వేళకి విజయవాడ చేరవచ్చు. టోల్ దగ్గర గంట పోయినా ప్రాణానికి ముప్పు లేదు.

ఈ విషయంలో ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడి ఉంచడం కూడా సన్నద్ధతలో భాగమే. అమ్మ తెల్లవారకముందే లేచి ఎదురుచూస్తూ ఉంటుంది, పావుగంటకోసారి 'ఎందాకా వచ్చార్రా?' అని ఫోను మోగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది, కానీ ఆ ఫోను డ్రైవరు కాలిని యాక్సిలరేటరు మీదికి నెడుతుంది. 'ఎనిమిదికల్లా వచ్చేస్తాం' అనకండి, 'పదికీ పన్నెండుకీ మధ్య వస్తాం, పొగమంచు ఉంటే ఆగి వస్తాం' అని చెప్పండి. ఫోను పక్కన కూర్చున్నవారి దగ్గర ఉంచండి.

7.7 వాహనాన్ని సిద్ధం చేయడం

ఇంజను, బ్రేకుల పరీక్ష మెకానిక్ చేస్తారు. ఈ కిందివి మీరే చూసుకోవాలి.

అద్దాలు: ముందు అద్దాన్ని బయటే కాక లోపల కూడా శుభ్రంగా తుడవండి. లోపలి పలుచటి జిడ్డు పొర మీద తేమ త్వరగా పట్టి, ఎదుటి దీపాలను చెదరగొడుతుంది. ప్రయాణంలో మన ఊపిరిలోని ఆవిరి చల్లటి అద్దం లోపలివైపు బిందువులుగా మారుతుంది. ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది కాబట్టి చలికాలమైనా ఏసీ వేసి, గాలిని ముందు అద్దం వైపు తిప్పి, లోపలి గాలే తిరిగే మీటను ఆపి బయటి గాలిని రానివ్వండి. వైపర్ రబ్బరు ఎండకు గట్టిపడి ఉంటే మార్చండి.

దీపాలు: సాయంత్రం గోడ ఎదుట కారు నిలిపి అన్నీ వెలిగించి చూడండి. వెనక దీపాలను మరొకరు చూసి చెప్పాలి. డిక్కీలో బరువు పెరిగితే కారు ముందుభాగం పైకి లేచి, లో బీమ్ కూడా హై బీమ్‌లా పైకి కొడుతుంది. తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తా, పిండివంటల డబ్బాలతో వస్తాం కనుక ఇది మరీ ముఖ్యం. డాష్‌బోర్డు మీద హెడ్‌లైట్ ఎత్తు సరిచేసే మీట ఉంటే బరువుకు తగ్గట్టు దించండి.

టైర్లు: కారు కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. సుమారు 5 నుంచి 6 డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది. టైరు గాళ్లలో చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. అవి 1.6 మిల్లీమీటర్ల లోతును సూచిస్తాయి. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చక తప్పదు.

వెంట ఉండవలసినవి: ఎర్రటి హెచ్చరిక త్రికోణం, టార్చి, మెరిసే జాకెట్, తాగునీరు, దుప్పటి, ఫోను చార్జరు. వెనక సీట్లో కూర్చున్నవారు కూడా బెల్టు పెట్టుకోవాలి.

మోటారుసైకిల్ మీద వెళ్లే విద్యార్థులకు ఒక్క మాట. హెల్మెట్ అద్దం లోపల ఊపిరి ఆవిరి, బయట మంచు రెండూ పడతాయి. వెనక వచ్చే లారీకి మీరు కనిపించేది ఒక చిన్న ఎర్రదీపం మాత్రమే. పొగమంచు విడిపోయేవరకు బయలుదేరకపోవడమే సరైన నిర్ణయం.

7.8 దారిలో పాటించవలసినవి

1. ముందు వెళ్తున్న లారీ ఎర్రదీపాన్ని పట్టుకొని వెంటపడకండి. దారి చూపిస్తున్నట్లే ఉంటుంది. కానీ అప్పుడు మీ వేగాన్ని నిర్ణయిస్తున్నది మీ చూపు కాదు, ఆ డ్రైవరు ధైర్యం. ఆయన దేన్నైనా ఢీకొని ఉన్నచోటే నిలిచిపోతే మీకు దూరం మిగలదు. వరసగా వాహనాలు గుద్దుకునేది ఇలాగే.

2. ఎడమవైపు రోడ్డు అంచు గీతను ఆధారం చేసుకోండి. ఎడమ పక్క ఆగి ఉన్న లారీలుంటాయని గుర్తుంచుకోండి. ఓవర్‌టేక్ చేయవద్దు.

3. కూడళ్ల దగ్గర కిటికీ కాస్త దించి వినండి. కనిపించని వాహనం వినిపించవచ్చు.

4. చూపు మరీ తగ్గితే ఆగాలి. కానీ రోడ్డు మీద, మార్జిన్‌లో ఆగకూడదు. పెట్రోలు బంకులోకో, దాబా ఆవరణలోకో పూర్తిగా దిగిపోవాలి. రాత్రి ప్రయాణం తప్పకపోతే రెండు గంటలకోసారి ఆగండి. టీ తాత్కాలికంగా సాయపడుతుంది, నిద్రమత్తుకు మందు 15, 20 నిమిషాల కునుకే.

5. కారు రోడ్డు మీదే ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరినీ దింపి రెయిలింగ్ అవతలికి పంపండి. కారులో కూర్చోవడం, కారు వెనక నిలబడడం అత్యంత ప్రమాదకరం. త్రికోణాన్ని కారు పక్కన పెడితే ప్రయోజనం లేదు. 80తో వచ్చే వాహనానికి 95 మీటర్లు కావాలని పట్టికలో చూశారు కదా. రోడ్డు అంచు వెంట జాగ్రత్తగా నడిచి, దాదాపు 100 మీటర్ల వెనక పెట్టండి. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033, అత్యవసర నంబరు 112, అంబులెన్సు 108.

వేరొకరి ప్రమాదం కంటపడితే ముందు మీ వాహనాన్ని సురక్షితంగా పక్కకు చేర్చి తరవాత సాయపడండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పిస్తుంది.

7.9 మంచు గడ్డకట్టే దేశాల్లో

మీ బంధువులు అమెరికాలోనో కెనడాలోనో ఉంటే, 'శీతకాలపు రోడ్డు' అన్నప్పుడు వారు వేరే ప్రమాదం గురించి మాట్లాడతారు. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉంటే రోడ్డుపై తడి పలుచటి గాజుపొరలా గడ్డకడుతుంది. రోడ్డు రంగే కనిపిస్తుంది కాబట్టి కంటికి ఆనదు. కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి వంతెనలు ముందుగా గడ్డకడతాయి. అక్కడ చూపు బాగానే ఉన్నా ఘర్షణ తగ్గిపోతుంది. రుణత్వరణం 4 నుంచి 1కి పడిపోతే, 40 కిలోమీటర్ల వేగంలోనే బ్రేకింగ్ దూరం 15 మీటర్ల నుంచి 62 మీటర్లకు పెరుగుతుంది. మన పొగమంచు చూపు దూరాన్ని తగ్గిస్తుంది, వారి మంచు ఆగే దూరాన్ని పెంచుతుంది. సూత్రం మాత్రం ఒకటే.

7.10 సారాంశం

నిర్మలమైన, గాలి లేని, తేమ నిండిన రాత్రి నేల చల్లబడడం వల్ల పొగమంచు ఏర్పడి, సూర్యోదయం ప్రాంతంలో చిక్కబడుతుంది. నదులు, కాలువలు, వరిమడుల దగ్గర అది ముక్కలుగా ఎదురవుతుంది. ఆగే దూరంలోని బ్రేకింగ్ భాగం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కనిపించే దూరం లోపల ఆగగలిగే వేగమే సరైన వేగం. ఐదు లెక్క దీనికి సులభమైన కొలత. లో బీమ్, ఫాగ్ లాంపులు వాడాలి, హై బీమ్ వాడకూడదు. అన్ని జాగ్రత్తల్లోకీ పెద్దది స్టీరింగ్ పట్టకముందే తీసుకునే నిర్ణయం: ఏ రోజు, ఏ వేళ బయలుదేరాలన్నది. పండగ మూడు రోజులుంటుంది, ఒక పూట ఆలస్యమైనా అందులో తరుగు లేదు.

7.11 కీలక పదాలు

తుషార స్థానం: గాలి చల్లబడుతూ నీటిఆవిరితో సంతృప్తమయ్యే ఉష్ణోగ్రత.
చూపు దూరం: వస్తువును గుర్తుపట్టగలిగే గరిష్ఠ దూరం.
ప్రతిస్పందన కాలం: అడ్డంకి కనిపించినప్పటి నుంచి బ్రేకు వేసేవరకు పట్టే కాలం.
ఆగే దూరం: ప్రతిస్పందన దూరం, బ్రేకింగ్ దూరాల మొత్తం.
పరిక్షేపణం: కణాలను తాకిన కాంతి వివిధ దిశలకు చెదరడం.

7.12 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. మబ్బు నేల వదిలే వేడిని అడ్డుకుంటుంది. నిర్మలమైన రాత్రి నేల, దాన్ని ఆనుకున్న గాలి త్వరగా చల్లబడతాయి.
2. 7.11 చూడండి.
3. కాదు. ఆగే దూరం 32 మీటర్లు, చూపు దూరం కంటే ఎక్కువ.
4. తొమ్మిది రెట్లు.

7.13 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబు రాయండి.
1. పొగమంచు ఏర్పడే విధానాన్ని వివరించి, మీ ప్రాంతంలో దానికి అనుకూలమైన స్థలాలను పేర్కొనండి.
2. ఆగే దూరాన్ని నిర్ణయించే అంశాలను ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబు రాయండి.
1. పొగమంచులో హై బీమ్ ఎందుకు పనికిరాదు?
2. ప్రతిస్పందన కాలం 2 సెకన్లు అయితే, తడి రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగానికి ఆగే దూరం ఎంత?
3. మీ ఇంటి నుంచి మీరు పండగకు వెళ్లే ఊరికి దారి పటం గీసి, పొగమంచుకు అవకాశమున్న చోట్లను గుర్తించండి. వాటిని ఉదయం 8.30 తరవాత దాటేలా బయలుదేరే సమయాన్ని లెక్కకట్టండి.